మా బావ హారన్ కొట్టడు

మా బావ స్కూలు వ్యాను నడుపుతాడు. మా అక్క అదే వ్యానులో తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని ఎక్కించి దించుతుంది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని, ఇప్పటికీ అదే. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా పొద్దున్నే వ్యానెక్కేసరికి పిల్లల ముందు నోరు మూసుకోవాలి కాబట్టే వాళ్ళ కాపురం సవ్యంగా సాగిందని నా అభిప్రాయం. నాది బండ్లు బాగుచేసే షెడ్డు. ఆ వ్యానుకి వచ్చిన ప్రతి రోగానికీ వైద్యం చేసింది నేనే. అందుకని వాళ్ళిద్దరి గురించి మాట్లాడే హక్కు మిగతావాళ్ళ కన్నా నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

బావ హారన్ మా వీధులన్నిటికీ తెలుసు. గేటు ముందు వ్యాను ఆపి రెండుసార్లు పొట్టిగా పీప్ పీప్ అనిపించేవాడు. అంతే, పాలగ్లాసు సగంలో ఉన్నా, ఒక కాలికే బూటున్నా పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. తల్లులు గొంతు చించుకున్నా కదలని ఘటాలు కూడా ఆ హారన్‌కి కదిలేవి. బావకి అదో గర్వం. "చూశావా, పిలుపంటే అదీ!" అని నా దగ్గర మీసం మెలేసేవాడు. "వాళ్ళు వచ్చేది నీకోసం కాదు బావా, కిటికీ సీటు కోసం" అని నేను గాలి తీసేసేవాణ్ణి.

కిందటేడు సెలవుల్లో ఇద్దరికీ దేశం తిరగాలన్న పిచ్చి పట్టింది. అక్కే మొదలుపెట్టింది. "ఎప్పుడూ అవే వీధులు, అవే గేట్లు. ఒక్కసారైనా గేట్లు లేని దారిలో వెళ్దామండీ" అంది. నేను వ్యానులో వెనక సీట్లు ఊడదీసి పరుపు వేసిచ్చాను. వ్యాను వెళ్ళినంత దూరం వ్యానులో, ఆపైన వీపున సంచులేసుకుని కాలినడకన కొండలెక్కడం, అదీ పథకం. ఆ సంచులేమిటనుకున్నారు? పిల్లలు వ్యానులో మర్చిపోతే ఎవరూ వచ్చి అడగని స్కూలు బ్యాగులు! బావ వీపు మీద రెక్కల గుర్రం బొమ్మ, అక్క వీపు మీద రాకెట్టు. ఆ అవతారాల్లో ఫొటో పంపితే మా షెడ్డులో ఆ పూట పని సాగలేదు.

బయల్దేరిన మర్నాడే టైరు పంక్చరైంది. చూస్తే జాకీ లేదు. స్టవ్వుకి చోటు చాలడం లేదని అక్క దాన్ని తీసి నా బల్ల కిందే పెట్టి వెళ్ళింది. పైగా ఫోను చేసి నన్నే తిట్టింది, చూసుకోవద్దా అని. ఇంకోచోట బయట ఆరేసిన బూట్లని ముళ్ళపంది కొరికేసింది. చెమట ఉప్పంటే వాటికి ప్రాణమట. బావ బూటు ఒకదానికి మడమ మిగల్లేదు, తర్వాతి కొండలన్నీ ఆయన ఒక పక్కకి ఒరిగే ఎక్కాడు. అడవిపందుల మంద ఒకటి పిల్లలతో సహా దారికడ్డంగా పోతుంటే, అక్క అలవాటు కొద్దీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "వరసగా, వరసగా! తోసుకోకండి" అందట. ఇక్కడిదాకా నేను నవ్వుతూనే విన్నాను.

కొండదారిలో ఒక మలుపు దగ్గర, వాగు పక్కన కాస్త చదును నేల కనిపిస్తే అక్కడ మకాం పెట్టారు. సాయంత్రం చెట్లలోంచి ఒక జింకపిల్ల తొంగిచూసింది. తల్లి జాడ లేదు. అక్క మనసు ఆగుతుందా? రొట్టెముక్క చేత్తో పట్టుకుని కూర్చుంది. చాలాసేపు బెట్టు చేసి చివరికి అది వచ్చి తిన్నది. మర్నాడు పొద్దున్న అది దూరంగా నిలబడి ఉంటే, బావ సరదాకి హారన్ రెండుసార్లు పొట్టిగా కొట్టాడు. అక్క రొట్టె చూపించింది. వచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ కొట్టాడు, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత కొడితే చాలు, ఎక్కడున్నా ఎగురుకుంటూ వచ్చి వ్యాను తలుపు దగ్గర నిలబడేది. దానికి బుడ్డోడని పేరు కూడా పెట్టారు. బావ పొంగిపోయి నాకు ఫోను చేశాడు.

"ఏరా బామ్మర్దీ, ఇది కూడా కిటికీ సీటు కోసమే అంటావా?"

అక్కణ్ణుంచి పైకి వెళ్ళి, కొండలు తిరిగి, కొన్నాళ్ళకి అదే దారిన దిగుతున్నారు. బుడ్డోడికని అక్క రొట్టె విడిగా దాచింది. మలుపు దగ్గరికొచ్చేసరికి కిందనుంచి ఒక లారీ ఎక్కుతోంది. అవతలి బండి కనపడని మలుపు, హారన్ కొట్టమని బోర్డు కూడా ఉంది. లారీ డ్రైవరు రెండుసార్లు పొట్టిగా కొట్టాడు.

చెట్లలోంచి బుడ్డోడు రోడ్డు మీదికి దూకాడు. పారిపోతూ కాదు, లారీకి ఎదురుగా, సంతోషంగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. బ్రేకు కీచుమంది, లారీ అడ్డంగా జారి ఆగింది. జింకపిల్ల దాని ముందు నిలబడి మెడ ఎత్తి తలుపు వైపు చూసింది, రొట్టె ఎప్పుడిస్తారా అని.

లారీ డ్రైవరు దిగాడు. "దీనికేమన్నా పిచ్చా? బండిని చూస్తే పారిపోవాలి గానీ ఎదురొస్తుందేంటండీ!" అని బావనే అడిగాడు. అక్క ఒళ్ళో రొట్టె పొట్లం అలాగే ఉంది.

కాసేపటికి అటుగా వచ్చిన అడవి కాపలాదారుకి బావ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన తిట్టినా బాగుండేదని అక్క ఇప్పటికీ అంటుంది. ఆయన తిట్టలేదు.

"ఈ మలుపులో హారన్ కొట్టకుండా ఏ బండీ పోదు. ఇవాళ ఈయన ఆపాడు. అందరూ ఆపరు కదా" అన్నాడు.

"దూరంగా తీసుకెళ్ళి వదిలేద్దామండీ. నా వ్యానులోనే తీసుకెళ్తా" అన్నాడు బావ.

"దీని తల్లి ఇక్కడే ఉంది. పిల్లని దాచి మేతకి పోతుంది, మీరు చూసుండరు. తల్లిని వదిలితే ఇది బతకదు. హారన్ వింటే భయపడాలి, అదొక్కటే దారి. నేను అదిలిస్తే నాకు భయపడుతుంది గానీ హారన్‌కి భయపడదు. మీరు నేర్పింది మీరే మాన్పించాలి."

ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. ఇక్కణ్ణుంచి అక్క చెప్పిందే చెబుతున్నాను. బావ ఈ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు.

బావ హారన్ కొట్టాడు. బుడ్డోడు వచ్చాడు. అక్క పళ్ళెం మీద గరిటెతో బాదింది. అది ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కి వేసి, మళ్ళీ వచ్చింది. మట్టిబెడ్డలు విసిరారు. ఇదేదో ఆట అనుకుని గంతులేసింది. మళ్ళీ హారన్, మళ్ళీ వచ్చింది. బావ కిందికి దిగి రాయి తీశాడు. పక్కన పడేలా వేద్దామనే వేశాడట. అది సరిగ్గా అప్పుడే తల తిప్పింది. రాయి కంటి దగ్గర తగిలింది.

అది అరిచిన అరుపు అక్క నాకు చెప్పలేకపోయింది.

దెబ్బ తిన్నది అడవిలోకి పారిపోయిందా? లేదు. అక్క దగ్గరికి పరుగెత్తింది. కిందపడ్డ పిల్లలు రోజూ అక్క దగ్గరికి పరుగెత్తుకొచ్చినట్టే వచ్చి, ఆమె కాళ్ళకి ఆనుకుంది. మా అక్క, ఏ పిల్లాడి మోకాలు గీసుకుపోయినా తన కళ్ళు తుడుచుకునే మా అక్క, గుప్పెడు గులకరాళ్ళు తీసి దాని మొహాన కొట్టి, "పో! చావు, పో!" అని అరిచింది. అప్పుడు వెళ్ళింది.

మర్నాడు బావ మళ్ళీ హారన్ కొట్టాడు. అది చెట్ల చివరదాకా వచ్చి నిలబడిపోయింది. బావ చెయ్యెత్తగానే మాయమైంది. ఆ సాయంత్రం ఆఖరిసారి కొట్టాడు. ఇద్దరూ చాలాసేపు చెట్ల వైపు చూస్తూ కూర్చున్నారు.

"రాలేదులే" అంది అక్క.

బావ స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చాడట. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం అక్క అదే చూడడం.

బడి తెరిచారు. బావ హారన్ ముట్టుకోలేదు. ప్రతి ఇంటి ముందూ దిగి, గేటు తట్టి, పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఎక్కిస్తున్నాడు. రోజూ ఆలస్యం. తల్లిదండ్రులు సణిగారు, బడివాళ్ళు పిలిచి అడిగారు. హారన్ పాడైందని చెప్పి తప్పించుకున్నాడు. అయితే బాగుచేయించుకోమని వాళ్ళు వ్యానుని నా షెడ్డుకి తోలారు. విప్పి చూస్తే హారన్ నిక్షేపంలా ఉంది. నాకు ఒళ్ళు మండింది. "బాగున్నదాన్ని నాచేత విప్పించడమెందుకు? నాకు వేరే పనుల్లేవా?" అని ఎగిరాను. అప్పుడు అక్క నన్ను పక్కకి లాక్కెళ్ళి ఇదంతా చెప్పింది.

నేను బావ దగ్గరికి వెళ్ళాను. ఓదార్చడం నాకు చేతకాదు, నట్లూ బోల్టులతో అయ్యే పని కాదది. అయినా ప్రయత్నించాను.

"దాని ప్రాణం కాపాడావు బావా. అది చూడు."

"దాని మీదికి చావుని తెచ్చింది కూడా నేనేగా." ఆయన నా మొహం చూడలేదు. "పిలిస్తే వచ్చిందిరా. వచ్చినందుకు కొట్టాను. కన్ను పోయిందో ఉందో కూడా సరిగ్గా చూడలేదు."

"ఆ కాపలాదారుకి ఫోను చేసి అడగొచ్చుగా?"

"పోయిందంటే?"

టీ తెప్పించి ఇద్దరినీ షెడ్డు ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, హారన్ మళ్ళీ బిగించడానికి వెళ్ళాను. బిగించిన ఏ వస్తువునైనా ఒకసారి పనిచేయించి చూడందే బండి అప్పగించను, అది నా పద్ధతి. సీట్లో కూర్చున్నాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది. రెండుసార్లు, పొట్టిగా. ఆ వ్యానులో కూర్చుంటే ఎవరి చెయ్యైనా అలాగే కొడుతుంది.

కొట్టాక గాని నేను చేసిన పని నాకు తెలియలేదు. బెంచీ వైపు చూశాను, బావ తిడతాడేమోనని. వాళ్ళిద్దరూ నన్ను చూడటం లేదు. టీ గ్లాసులు నోటి దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఇద్దరి తలలూ ఒకేసారి రోడ్డుకి అవతల, గోడ పక్కనున్న చెట్ల వైపు తిరిగాయి. బావ కుడిచెయ్యి పిడికిలి బిగిసింది. రోడ్డు మీద ఎవరో సైకిలు మీద వెళ్తున్నారు. ఇంకేమీ లేదు. అయినా చూస్తూనే ఉన్నారు.

"రాలేదులే" అంది అక్క.

బావ పిడికిలి వదిలాడు.