మత్తు లేని బిళ్ళ వద్దన్న మనిషి

పోయినవి ముందు చెబుతాను. మా అక్క భర్త, అంటే మా బావగారి ఎడమ తుంటి, కుడిచేతి పట్టు, చెట్టెక్కే బతుకు. మూడు. అక్క నవ్వు కూడా కలిపితే నాలుగు.

బావగారు కొత్తపేట చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు తీసేవారు. ఆయన పైనుంచి గెలలు కోసి వదిలితే కింద కాయలు లెక్కపెట్టడం నా పని. చెట్టెక్కడం తప్ప ఆయనకు వేరే పని రాదు. ఇల్లంతా దానిమీదే నడిచేది.

వరి నూర్పుల దుమ్ము లేస్తే ఆయనకు తుమ్ములు, కళ్ళ దురద. ఆ ఏడు మందుల షాపాయన కొత్తరకం బిళ్ళ తీశాడు.

"ఇది మత్తు తక్కువండీ. చెట్టెక్కే మనిషి కదా మీరు."

"మత్తు రాకపోతే మందు పన్జేసినట్టు ఎలా తెలుత్తాదండీ? పాతదే ఇవ్వండి."

మా వైపు చాలామందికి కొలత అదే. బిళ్ళ వేసుకున్నాక కళ్ళు మూతపడితే మంచి మందు, లేకపోతే దండగ.

పక్కనే ఉన్న అక్క నవ్వింది. "మీకు మళ్ళీ మత్తు బిళ్ళెందుకండీ? కంచం ఎత్తేలోపే గురక పెడతారు!"

రాత్రి ఒకటి వేసుకున్నారు. తెల్లారినా తుమ్ములు ఆగలేదని టీతో ఇంకోటి. తోటకు చేరేసరికి ఆవులింతలు.

"ఇవాళ మానేయండి బావగారూ," అన్నాను.

"మందు పన్జేత్తందబ్బాయ్. ఒక్క తుమ్మైనా వచ్చిందా?" అంటూ కాళ్ళకు తాడు తగిలించుకున్నారు.

సగం ఎక్కాక ఆయన తల మానుమీదికి వాలింది. అరిచాను. ఆ అరుపు అందేలోపే మనిషి కిందపడ్డారు.

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరుగారు విడమరిచి చెప్పారు. దుమ్ము పడని ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. తుమ్ములూ దురదా దాని వల్లే. బిళ్ళ దాని పనికి అడ్డుపడుతుంది. పాతరకం మెదడులోకీ వెళ్ళి మత్తు తెస్తుంది. రాత్రి వేసుకున్నది పొద్దున్నకీ కొంత మిగులుతుంది. కొత్తరకం మెదడుకు అంతగా చేరదు. అయినా కొందరికి మత్తు రావచ్చు, తమ ఒంటికి ఎలా ఉందో తెలిసేదాకా చెట్టెక్కకూడదు, బండి నడపకూడదు. తుమ్ములు ఆపే గుణం వేరు, నిద్ర తెచ్చే గుణం వేరు.

"అయితే ఆ కొత్త బిళ్ళకీ తుమ్ములు ఆగేవాండీ?" అని అడిగారు బావగారు.

"ఆగేవి," అన్నారు డాక్టరుగారు. అక్క బయటికి వెళ్ళిపోయింది.

ఆ రోజు తోటలో దింపాల్సిన చెట్లు ఇంకా మిగిలిపోయాయి. తోట ఆసామి వేరే మనిషిని పెట్టి ఎప్పుడో దింపించేశారు. తర్వాత ఎన్నో దింపులు అయ్యాయి. బావగారు మాత్రం ఒప్పుకోరు. మంచంమీద నుంచి ఇప్పటికీ అంటారు, "ఆసామికి మాటిచ్చేను అబ్బాయ్. ఇంకా పదకొండు చెట్లు బాకీ."

నేను కాదనను. ఆ రోజు మిగిలినవి పదకొండే.