పసుపు మోకాలు

నిన్న సాయంత్రం దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని మా షేరింగ్ ఫ్లాట్ వంటింట్లో, గరిటెలో నువ్వుల నూనె కాగి, అందులో ఇంత ఉప్పూ ఇంత పసుపూ పడి, ఆ ఘాటైన మట్టి వాసన గుప్పుమనేసరికి నేను స్టవ్ ముందు అలాగే నిలబడిపోయాను. నా రూమ్మేట్ శ్రావణి, కాకినాడ పిల్ల, బస్సు దిగుతూ చీలమండ మెలిపెట్టుకొని వచ్చి, మంచం మీద కాలు చాపుకొని "అమ్మో, అయ్యో" అంటూ నన్ను పిలుస్తూనే ఉంది. ఆ వాసన నన్ను రెక్క పట్టుకొని అబుదాబీకి, మా పాత విల్లా వెనక వాకిట్లోకి లాక్కుపోయింది. ఇరవయ్యేళ్ళదానికి అప్పుడే బాల్య స్మృతులేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం. మా గల్ఫ్ పిల్లల బాల్యం అద్దె ఇంటితో ముడిపడి ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసిన రోజే అదీ ఖలాస్.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మేమున్నది విల్లాలో. విల్లా అనగానే కుళ్ళుకోకండి, లోపల అడ్డగోడలు లేపి ఐదారు కుటుంబాలకు పంచి ఇచ్చిన పోర్షన్లవి. మాది వెనక పోర్షన్. మా బాపుది జగిత్యాల పక్క పల్లె, ముసఫ్ఫాలో ఇనుప పనుల వర్క్‌షాప్‌లో సూపర్‌వైజరు, వయసులో ఉండగా కబడ్డీ ఆడి చుట్టుపక్కల ఊళ్ళలో పేరు మోసినవాడు. పక్క పోర్షన్‌లో రాజోలు నుంచి వచ్చిన సువార్త ఆంటీ ఉండేది. అరబ్బీల ఇంట్లో పిల్లల్ని చూసుకొనే పని ఆమెది, నోరు తెరిచిందంటే ఇక ఆగేది కాదు. ముందు పోర్షన్‌లో స్కూల్లో పాఠాలు చెప్పే ఒక అమెరికా టీచరమ్మ. మార్చి దాటుతుంటే ప్రహరీ పక్కన వేపచెట్టు పూసేది, దాని పువ్వే మా ఉగాది పచ్చడికి. ఏసీల నుంచి కారే నీళ్ళను బకెట్లో పట్టి పుదీనాకూ కరివేపాకుకూ పోసేవాళ్ళం. రంజాన్ నెలలో ఇంటి యజమాని పెద్ద గిన్నెతో హరీస్ పంపితే, ఆ చప్పిడి గోధుమ ముద్దలోకి మా అమ్మ మామిడికాయ తొక్కు నంజుకొని "ఇప్పుడు మంచిగైంది" అనేది.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక వాకిట్లోని ఇసుకలో బాపు మడమతో గీతలు గీసేవాడు, పిల్లలమంతా కబడ్డీ. అక్కడే రోజూ ఒక రభస. మేము "కబడ్డీ కబడ్డీ" అంటూ కూతకు పోతే, సువార్త ఆంటీ గుమ్మంలో కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "అదేం కూతండీ బాబూ, మా ఊళ్ళో అయితే చెడుగుడు అంటారు, వినడానికి ఎంత బాగుంటాదో!" అనేది. చివరికి ఎవరి కూత వాళ్ళది, ఔటైతే మాత్రం అందరిదీ ఒకటే ఏడుపు.

రెండువేల ఇరవై, కరోనా వేసవి అది. బడి ఫోన్లోకి వచ్చింది, పార్కులకు తాళాలు పడ్డాయి, బాపు పనికి సగం రోజులే పోతున్నాడు. సరిగ్గా అంతకుముందే టీచరమ్మ తమ్ముడు రోలాండ్ అక్కను చూసి పోదామని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడ ఇరుక్కుపోయాడు. అమెరికాలో వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట ఒకటుంది, కోడిగుడ్డులా మొనదేలిన బంతిని కాళ్ళతో కాదు, చేతులతో విసురుతారు. అందులో అతను కార్నర్‌బ్యాక్. అంటే మైదానం అంచున నిలబడి, ఎదుటి టీమ్‌లో బంతి పట్టడానికి దూసుకొచ్చేవాణ్ణి వదలకుండా అంటిపెట్టుకొని, వాడి చేతికి బంతి చిక్కకుండా చూసేవాడు. తమాషా ఏమిటంటే మొదట వెనక్కి పరుగెత్తాలి, ముఖం వాడి వైపే ఉంచి, వాడు ఎటు మలుపు తిరిగితే అటు చటుక్కున తిరిగి పరుగందుకోవాలి. కాలేజీలో గొప్పగా ఆడి, పెద్ద లీగ్‌లోకి వెళ్ళి, ఒక టీమ్ మారి ఇంకో టీమ్‌లో చేరి, నిలదొక్కుకుంటున్నాడనగా మోకాలిలో లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది, టీమ్ వదిలేసింది. వయసు ఇరవై ఏడే, ఆ ఆటలో మాత్రం అది నడివయసు.

మొదట్లో అతను వాకిట్లో ఒక్కడే వెనక్కి పరుగెత్తుతుంటే మేము కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వాం. తర్వాత మేమూ మొదలుపెట్టాం, బట్టలు ఆరేసిన తీగకు తగులుకొని అమ్మ చీరలతో సహా కింద పడ్డాం. అలా స్నేహం కుదిరింది. తనకెదురుగా పరుగెత్తే మనుషులు కావాలన్నాడు, మేమే ఆ మనుషులం. టీచరమ్మ బంతి విసిరేది, మేము దానికోసం అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ పరుగెత్తేవాళ్ళం, అతను మమ్మల్ని కాచేవాడు. అలవాటు చావక నేను బంతి వెంట కూడా "కబడ్డీ కబడ్డీ" అంటూ ఊపిరి బిగపట్టి పోయేదాన్ని, అతను నవ్వలేక ఇసుకలో కూలబడేవాడు. బాపు ఒక చాయ్ తాగేంతసేపు ఇదంతా చూసి తీర్పిచ్చేశాడు.

"గీయన మన కబడ్డీల కార్నర్ల నిలవడెటోని అసుంటోడేనే. మూలకుండి మందిని కాస్తడు. గీ తమ్మి మనోడే!"

మే నెల ముదిరాక ఒక గురువారం, అమెరికాలో ఒక టీమ్ నుంచి రోలాండ్‌కు కబురొచ్చింది. ఒక్క ఖాళీ ఉంది, మనుషుల్ని పిలిపించి చూసే వీలు లేదు కాబట్టి పరుగెత్తే వీడియో పంపమన్నారు, మోకాలు స్పష్టంగా కనపడాలి, శుక్రవారం సాయంత్రంలోగా అందాలి. అది నచ్చితే అతనికి చోటు, నచ్చకపోతే ఈ కాలుతో ఇక ఎవరూ పిలవరు. ఈ సంగతి టీచరమ్మ మా అందరికీ వాకిట్లోనే చెప్పింది. ఆ ఉత్సాహంలో అతను ఆ సాయంత్రమంతా ఇసుకలో మోతాదు మించి ఉరికాడు, చీకటిపడేవేళకు మెట్టుమీద కూలబడి మోకాలు పట్టుకున్నాడు.

అమ్మ దోసెల పిండి కలిపిన చేత్తోనే బయటికొచ్చింది. "అయ్యో, గిట్ల ఉబ్బిందేంది! కదలకుమను, పట్టు ఏస్త," అంది నాతో. ఆమెకు ఇంగ్లిష్ రాదు, అతనికి తెలుగు రాదు, వాసన ఇద్దరికీ వచ్చింది. నువ్వుల నూనె, ఉప్పు, పసుపు కాచి, ఓర్చుకోగలిగినంత వేడిమీద మోకాలి చుట్టూ మందంగా పట్టించి, పాత నూలు చీర చింపి కట్టు కట్టింది. వేడి తగలగానే అతను కళ్ళు మూసుకొని ఏదో గొణిగాడు. "ఏమంటుండే?" అంది అమ్మ. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ కూడా ఇలాగే ఏదో రాసేదట అని నేను చెప్పాను. అమ్మ కట్టు ముడి ఇంకాస్త మెత్తగా వేసింది.

తెల్లారి కట్టు విప్పితే వాపు తీసింది. హమ్మయ్య అనుకున్నాం. ఎండ ముదరకముందే విల్లా వెనక ఖాళీ జాగాలో బాపు అడుగులతో దూరం కొలిచి గీతలు గీశాడు, టీచరమ్మ ఫోన్ పట్టింది, నేను ఎదురు పరుగెత్తాను. అతను వెనక్కి పోతూ, చటుక్కున మళ్ళుతూ, నా ముక్కు ముందునుంచి బంతిని తన్నుకుపోతుంటే బాపు వేసిన ఈలలు పక్క వీధిదాకా వినిపించాయి. వీడియో పంపేశాం. అతని మోకాలు మాత్రం బంగినపల్లి మామిడిపండులా పచ్చగా మెరుస్తోంది. మా ఇంట్లో అది ఎవరి కంటికీ ఆనలేదు, పట్టు వేస్తే పచ్చగా కాక ఎలా ఉంటుంది?

సాయంత్రం టీచరమ్మ మా తలుపు బాదినట్టే కొట్టింది, ముఖంలో నెత్తురుచుక్క లేదు. టీమ్ డాక్టరు వీడియో కాల్‌లో ఉన్నాడు. సూది పొడిచేముందు చర్మానికి పూసే మందు కూడా సరిగ్గా అదే రంగులో ఉంటుందట. నొప్పి తెలియకుండా మత్తుసూది వేయించుకొని పరుగెత్తాడనీ, చెడిపోయిన మోకాలిని దాస్తున్నాడనీ ఆయన అనుమానం. రోలాండ్ పసుపు అంటున్నాడు, ఆయన అది కూరల్లో వేసేది కదా అంటున్నాడు.

మేమంతా ముందు పోర్షన్‌లోకి పరుగెత్తాం. నేను అంతా ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు, నమ్మలేదు. అమ్మకు కోపం వచ్చింది. "దొంగతనం జేసినట్టు అడుగుతడేందే? పసుపని చెప్పరాదు!" బాపు అమెరికా డాక్టరుకు అరబ్బీ, హిందీ కలిపి కొట్టాడు, పరదేశి ఎవరు కనపడినా ఆయనకు అదే భాష. "డాక్టర్ సాబ్, మాఫీ ముష్కిల్! హల్దీ, హల్దీ!" అంటే ఏ ఇబ్బందీ లేదు, పసుపేనని. రోలాండ్ తల వంచుకొని తన మోకాలినే చూస్తున్నాడు. ఆ పచ్చదనాన్ని బొటనవేలితో రుద్దుతున్నాడు, అది పోతేగా!

అప్పుడు సువార్త ఆంటీ నెత్తి కొట్టుకుంది. "అయ్ బాబోయ్, ఇయ్యాల శుక్రవారం కదండీ! వదినగారూ, మీ కాళ్ళు చూపించెయ్యండి ఆయనకి!"

అమ్మ ఒక్క క్షణం సిగ్గుపడింది. తర్వాత చీర కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళు పైకెత్తి, పొద్దున్నే తలస్నానం చేసి నిండా పసుపు రాసుకున్న పాదాల్ని, నేలమీదికి దించిన ల్యాప్‌టాప్ ముందు నిలిపింది. డాక్టరు ముందుకు వంగాడు. నేను కబడ్డీలో చీరుకుపోయిన మోచెయ్యి చూపించాను, పచ్చగా ఉంది. బాపు వర్క్‌షాప్‌లో రేకు కోసుకున్న బొటనవేలు చూపించాడు, పచ్చగా ఉంది. ఆంటీ, "నాకూ రాసిందండీ ఈవిడ, మొన్న జారిపడితే!" అంటూ తన చీలమండ పెట్టింది. ఆ విల్లాలో ఏదో ఒక చోట పసుపు అంటని మనిషి లేడు. మొదట డాక్టరు వెనకాల ఉన్న నర్సు నవ్వింది, తర్వాత ఆయనా నవ్వాడు. నవ్వి, అయినా తన బాధ్యత తనకుందన్నాడు. రేపు ఇదే సమయానికి ఆ కాలు ఒక్కదాని మీదే కూర్చొని లేచి చూపించమన్నాడు. మత్తుసూదే అయితే రేపటికి దిగిపోతుంది, నొప్పి బయటపడుతుంది.

ఆ మర్నాడంతా ఎలా గడిచిందో! మధ్యాహ్నం అమ్మ మళ్ళీ నూనె గరిటె పట్టింది, ఇంకో పట్టు పడకుంటే మోకాలు ఉబ్బుతుందని. బాపు రెండు చేతులూ జోడించాడు. "నీకు దండం పెడ్త, గా డబ్బ లోపల పెట్టు!" సాయంత్రం అతను గోడకు దూరంగా నిలబడి, ఒక కాలు ముందుకు చాచి, పచ్చ మోకాలి మీదే మెల్లగా కిందికి దిగాడు. కూతకు పోయినవాళ్ళలా మేమంతా ఊపిరి బిగబట్టాం. లేచాడు. మళ్ళీ దిగమన్నారు, మళ్ళీ లేచాడు. మోకాలు వణకలేదు, ముఖం ముడతపడలేదు. డాక్టరు పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడి, బొటనవేలు పైకెత్తాడు.

రోలాండ్ అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు. టీచరమ్మ అతని తల పట్టుకొని ఏడ్చింది. నాకైతే గుండెలమీంచి బండ దించినట్టయింది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, "హమ్మయ్య, నా పసుపు ఇజ్జత్ దక్కింది," అని నేరుగా వంటింట్లోకి పోయి పూర్ణం ఉడకేసింది. ఆమె వాటిని భక్షాలంటుంది, ఆంటీ బొబ్బట్లంటుంది, రోలాండ్ ఏ పేరూ పెట్టకుండా నెయ్యి కారుతుండగా తింటూనే పోయాడు.

విమానాలు తెరిచాక వెళ్ళిపోయాడు, ఆ టీమ్‌లోనే కొన్ని సీజన్లు ఆడాడు. టీచరమ్మ పంపే వీడియోలు బాపు ఫోన్లో అందరం తలలు గుచ్చి చూసేవాళ్ళం. బాపుకు మొదట్లో మహా దిగులు. "ఏందే, మనోని దిక్కు బంతే రాకపాయె! ఉట్టిగనే నిలవెట్టిండ్రా ఏంది?" నేను ఆ మాటే అడిగాను. రోలాండ్ నవ్వుతూ వాయిస్ మెసేజ్ పెట్టాడు. కార్నర్‌బ్యాక్ పని బాగా చేస్తే అతని వైపు బంతి విసరడానికి ఎవడూ సాహసించడనీ, ఆట మొత్తంలో తన మూలన ఏమీ జరగకపోవడమే తన గొప్పనీ. అది విన్నాక బాపును పట్టడం ఎవరి తరం? ముసఫ్ఫా అంతా చాటాడు. మా గల్ఫ్ ఇళ్ళలో ఫోన్ తీసి "ఏం సంగతులు?" అంటే, అవతలివాళ్ళు "ఏం లేవు" అన్నప్పుడే కదా మనసు కుదుటపడేది. అమ్మకు మాత్రం ఈ గొప్పలేవీ ఎక్కలేదు. గెలిచారా ఓడారా అని ఒక్కసారీ అడగలేదు. "మోకాలు మంచిగున్నదా?" అదొక్కటే.

పోయిన ఏడాది అతను తనంతట తానే ఆట మానేశాడు. చివరి మ్యాచ్ అయ్యాక పంపిన వీడియోలో, ఖాళీ స్టేడియం మెట్లు రెండేసి చొప్పున ఎక్కుకుంటూ పైదాకా పోయి, ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు. పాత కుట్ల గుర్తు తప్ప ఏమీ లేదు. అమ్మ ఆ వీడియో ఎన్నిసార్లు పెట్టించుకుందో! చూసిన ప్రతిసారీ హమ్మయ్య అంది.

అప్పటికి ఆ విల్లాలో మేం లేం. యజమాని కొడుక్కి పెళ్ళయి, అడ్డగోడలు తీసేసి ఇల్లంతా వాళ్ళే ఉంచుకున్నారు. వేపచెట్టు ఉన్నచోట కార్ల షెడ్డు లేచింది. బాపు పని మారి అమ్మతో అజ్మాన్‌లో ఉంటున్నాడు, అక్కడ వాకిలి లేదు, లిఫ్టు ఉంది. సువార్త ఆంటీ కువైట్ వెళ్ళిపోయింది. చెడుగుడో కబడ్డీయో, ఇప్పుడు కూతే వినపడదు.

"ఏయ్, నూనె మాడిపోతోందే!" అని శ్రావణి అరిస్తే ఈ లోకంలో పడ్డాను. గరిటె తీసుకెళ్ళి చీలమండ చుట్టూ మందంగా పట్టించి, నా పాత చున్నీ చింపి కట్టాను. శ్రావణి కాలు అటూ ఇటూ తిప్పి చూసుకొని గొల్లుమంది.

"ఓసినీ, రేపు నాకు ఇంటర్వ్యూ ఉంది కదే! ఇది రేపటికి పోద్దా?"

"పోదు."

"మరి ఇదేంటని వాళ్ళడిగితే?"

"నాకు వీడియో కాల్ చేసి ఫోన్ వాళ్ళకివ్వు," అన్నాను, గరిటెలో మిగిలిన పసుపు నా రెండు పాదాలకూ రాసుకుంటూ.