ప్రభువు ముఖం మీద మడత

మా చర్చి సంఘంలో ఒక అక్క ఉండేది. శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుని, గుడ్డ మీద బైబిలు వాక్యంలోని కథలు వేసేది. పాట పాడుతున్నా, ప్రార్థనలో ఉన్నా ఒళ్ళో కొంగును అరచేత్తో సాపు చేస్తూనే ఉండేది. వేసిన బొమ్మను గొట్టానికి చుట్టేదే తప్ప ఏనాడూ మడిచేది కాదు.

ఆన్‌లైన్‌లో ఆ బొమ్మలు చూసి అడిగేది విదేశాలవాళ్ళే. పంపే ఖర్చు వినగానే వాళ్ళూ వెనక్కి తగ్గేవాళ్ళు. ప్రభువు నడుమ కూర్చుని శిష్యులతో చివరిసారి తిన్న ప్రభురాత్రి భోజనం బొమ్మను ఎవరో అడిగినప్పుడు, ఆమెతో తిరుపతి కొరియర్ ఆఫీసుకు నేనూ వెళ్ళాను.

“బరువుకు కాదమ్మా, గొట్టం పొడుగుకే ఇంత పడతాది. మడిచి కవర్లో పెట్టు, సగం కూడా కాదు,” అన్నాడు కౌంటర్లో ఉన్నతను.

“ప్రభువు మొగమ్మీద మడతేస్తారా అబ్బా?”

“ఇస్త్రీ చేస్తే పోతాది లేమ్మా. దానికే దేవుడు అలుగుతాడా?”

ఆమె గొట్టం చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఆ బేరం పోయింది.

కొన్నాళ్ళకు వాళ్ళింటికి వెళితే, కొత్తగుడ్డను ముందే కవరంత మడిచి విప్పి, మడతల వెంట చింతబొగ్గుతో గీతలు గీసుకుంది. మళ్ళీ ఆ భోజనం బొమ్మే. గీతలను తప్పించి ముఖాలు వేస్తోంది. నడిమి మడత సరిగ్గా ప్రభువు కూర్చునే చోటే పడింది. ఆయన్ను బల్ల చివరికి జరిపింది.

“ఏందక్కా, ఈ పక్కకు జరిపినావు?”

“ఆడైతే మొగం నలగదు పాపా,” అంది తలెత్తకుండా.

పుట్టినప్పుడు సత్రంలో చోటు దొరకని ఆయనకు తన బల్ల నడుమ కూడా చోటు లేకపోయింది.

ఆ బొమ్మ అమ్ముడుపోయింది. ప్రభువును చివర కూర్చోబెట్టడంలో ఎంత వినయముందో అని కొన్నవాళ్ళు మెచ్చుకుంటూ రాశారు. అక్క నాతో చదివించుకుంది. అది వినయం కాదని రాయమంటుందేమోనని చూశాను.

“ఇట్లాంటిదే ఇంకోటి కావాలేమో అడుగు పాపా,” అంది.