తౌసీఫ్ కంప్యూటరులో పెట్టిన మాటలు

ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే గౌస్‌సాబ్ కూతురు సైమాకు కాలు ఒకచోట నిలవదు. అంగట్లో ఉంటే వీధి మీద ధ్యాస, వీధిలో ఉంటే అంగడి మీద ధ్యాస. అలాంటి పిల్ల ఏడాదిగా కంప్యూటరు ముందు నుంచి లేవడం లేదంటే దానికి కారణం వాళ్ళన్న తౌసీఫ్.

ఏ రంగుకు ఏ పొడి ఎంత కలపాలో అడగగానే చూపించే ప్రోగ్రాం తౌసీఫే రాశాడు. వట్టి రంగులు చూపించి ఊరుకుంటే వాడు తౌసీఫ్ ఎందుకవుతాడు? పొద్దున తెరవగానే, "సైమా, వచ్చినావా? ముందు టీ తాగు" అని ఇంగ్లీషు అక్షరాల్లో పడేది. మూసేటప్పుడు, "గొళ్ళెం సరిగా వెయ్యి, మొద్దూ" అని. 2003లో విషజ్వరం వచ్చి, పాతికేళ్ళకే పోయాడు మహానుభావుడు. మాటలు మాత్రం పోలేదు, రోజూ పలకరిస్తూనే ఉన్నాయి. ఆ సంగతి సైమా ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ మళ్ళీ మంచం పడుతుందని భయం.

మరుసటి వేసవిలో పని మధ్యలో కరెంటు పోయింది. తిరిగొచ్చాక ప్రోగ్రాం తెరుచుకోలేదు. సైమా కంప్యూటరు డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, నాయన వారిస్తున్నా వినకుండా హిందూపురం బస్సెక్కింది. పెనుకొండలో అందరూ టీలకు దిగారు. ఈమె దిగలేదు. డబ్బాను ఒళ్ళో పట్టుకుని, ఈ డ్రైవరు కదలడేమా అని పళ్ళు నూరుతూ కూర్చుంది.

హిందూపురంలో తౌసీఫ్‌కు కంప్యూటరు నేర్పిన క్రాంతి కుమార్ సార్ కొత్త ఫైలు చేసి, పాడైన ఫైలులోని రంగులన్నీ అందులోకి లాగాడు. ఒక్కటీ పోలేదు. సంగతి తెలిసి గౌస్‌సాబ్ ఫోన్లోనే దువా చేసి, ఇంక బయల్దేరి రమ్మన్నాడు. సైమా లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

"మా అన్న మాటలు రాలేదు సార్."

"అవి కోడ్‌లో ఉంటాయమ్మా. దాన్ని మిషనే చదవలేకుండా ఉండాది. పోనీలే, నేను మళ్ళా రాసిస్తా."

"మీరు రాస్తే మీ మాటలైతాయి."

క్రాంతి కుమార్‌కు ముందు విసుగొచ్చింది. తర్వాత ఏమనుకున్నాడో, పాడైన ఫైలును మామూలు కాగితంలా తెరిచి, వెతుక్కోమని మౌస్ ఆమె చేతికిచ్చాడు. తెర నిండా చదరాలు, ప్రశ్న గుర్తులు, పిచ్చి గీతలు. సైమా కిందికి జరుపుతూ పోయింది. కళ్ళు మండుతున్నా ఆపలేదు. ఆ చెత్త మధ్యలో "ముందు టీ తాగు" కనబడింది. ఇంకాస్త కింద "మొద్దూ" కూడా దొరికింది. ఆ ఆనందంలో ఆగితే అయిపోయేది. కానీ దాని కింద ఆమె ఎన్నడూ చూడని వాక్యం ఒకటుంది. ఇదెక్కడిదని అడిగింది.

క్రాంతి కుమార్ తెర దగ్గరికి వంగి చదివాడు. "ప్రోగ్రాంలో ఎప్పుడన్నా తప్పొస్తే నీకు కనబడాలని రాసిపెట్టినాడమ్మా. వాడుండంగా తప్పే రాలేదు. ఇప్పుడేమో, చూపించే కోడే చెడిపోయె."

సైమా మళ్ళీ చదువుకుంది. "భయపడాకు సైమా. ఏమీ ముట్టాకు. నేనొస్తాండా."

అన్న పోయిన రోజున నలుగురిలో కన్నీరు పెట్టని పిల్ల అప్పుడు ఏడ్చింది. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ధర్మవరం బస్సు వెళ్ళిపోయినా అక్కడే కదలకుండా కూర్చుంది.