సముద్రానికి వెళ్తే పొడిబట్టలు

మే నెలలో అనకాపల్లి బెల్లం కొట్టులో కూర్చుంటే మనిషి కూడా పాకంలా కారిపోతాడు. కొట్టు మూసిన ఓ ఆదివారం "సముద్రం చూసొద్దాం పద" అన్నారు మా ఆయన. నేను వదులు కాటన్ బట్టలు వేసుకుని, వెడల్పు టోపీలు, తువ్వాళ్లు, మంచినీళ్లు సర్దుతుంటే, "పూటకి పోయొచ్చేదానికి పెళ్లివారిలా ఈ మూటలేమిటి?" అని వెక్కిరించి, తన మార్చుబట్టలు ఇంట్లోనే వదిలేసి, జీన్స్ ప్యాంటుతో బయల్దేరారు. చెబితే వినే మనిషైతే మా ఆయన ఎందుకవుతారు!

పొద్దున్నే బస్సెక్కి గంటలోపే ఎలమంచిలిలో దిగాం. అక్కడి నుంచి రేవుపోలవరం వైపు ఆటో రానూపోనూ ఒకేసారి మాట్లాడుకోవడం మంచిది. ఏడొందలు అడిగి ఐదొందలకి దిగుతారు. "సేపల వేట నిసేదం గదండి, ఒడ్డున మనిసుండడు. ఎండెక్కకుండా వచ్చీండి" అని డ్రైవరు మమ్మల్ని ఊరవతల సరుగుడు తోట దగ్గర దింపి, నీడన నడుం వాల్చాడు.

నిజంగానే ఎవరూ లేరు. పడవలన్నీ ఇసకలోకి లాగేసి ఉన్నాయి. ఎండ మసకలో సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఎవరో వెనక నుంచి చూస్తున్నట్టే ఉంది నాకు. మోకాలి లోతుకని దిగిన మా ఆయన్ని ఒక అల నిలువునా ముంచి లేపింది. తడిసిన జీన్స్‌లో ఇసక చేరి తొడలు ఒరుసుకుపోతుంటే అడుగు వేయలేకపోయారు.

చివరి పడవ మీద గళ్ల లుంగీ, తెల్లచొక్కా మడతపెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టి ఉన్నాయి. సబ్బు వాసన ఇంకా పోలేదు. చుట్టూ ఒక్క అడుగుజాడ లేదు.

"ముట్టుకోకండి" అన్నాను.

"ప్యాంటు ఆరేదాకానే" అని తొడిగేశారు. చొక్కా ఆయనకే కొలిచి కుట్టినట్టు ఉంది.

సరుగుళ్లలోంచి ఒక ముసలమ్మ వచ్చింది. నన్ను చూడనట్టే దాటిపోయి, వెనక నుంచి ఆయన భుజం పట్టుకుంది.

"ఎప్పుడొచ్చేవురా? ఏటి, పలకవేటి?"

ఆయన తిరిగారు. ఆమె చెయ్యి జారిపోయింది. చాలాసేపు ఆయన మొహమే చూసి, నాతో అంది: "రెండేళ్లయింది తల్లీ. పడవొచ్చింది, మా వోడు రాలేదు. వచ్చినోడు తడిబట్టల్తో ఉంటాడు గదా? మార్సుకోడానికుండాలని రోజూ ఉతికి పెడతన్నాను."

మా ఆయన సిగ్గుతో గుండీలు విప్పబోతే ఆమె ఆపింది. "ఉండు నాయినా, సేతులెత్తు." చంకల దగ్గరా వీపు మీదా గుడ్డ లాగి చూసింది. "బిగుతుగా లేదు గదా?"

"లేదమ్మా, సరిపోయింది."

"ఈపాటికి ఒళ్లు సేసుంటాడు, సాలదేమోనని బెంగెట్టుకున్నాను" అంటూ మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది, భయమూ వేసింది. అంతలోనే ఆమెకి ఆత్రం పట్టుకుంది. "తడి సేసేసేవు. బేగి ఇప్పు బాబూ, ఉతికి ఆరెయ్యాలి. ఈలోగా వచ్చీసేడంటే ఏటి కట్టుకుంటాడు?"

ఆయన ఆ బట్టలు తిరిగిచ్చేసి, తడి జీన్స్‌లోనే కుంటుతూ ఆటో దాకా వచ్చారు. నేనైతే ఒడ్డు వైపు తిరిగి చూడలేదు, ఎవరైనా తడిసిన ఒంటితో నడిచొస్తూ కనిపిస్తారేమోనని. రాకపోతే ఆ తల్లి ఏమవుతుందో, వస్తే మేమేమవుతామో తేల్చుకోలేకపోయాను. వేసవిలో సముద్రానికి వెళ్లేవాళ్లు జీన్స్ మానేసి పల్చటి నూలు బట్టలు కట్టుకోండి, మనిషికొక పొడి జత తప్పక పట్టుకెళ్లండి. ఒడ్డున మడతపెట్టిన బట్టలు మాత్రం ముట్టుకోకండి. వాటి మనిషి ఏ వేళకి వస్తాడో మనకు తెలియదు.