ఎదురింటి రోమ్ చరిత్ర

మా ఎదురింటి ఆంటీ మంగళవారం ఉదయం నిద్రలోనే వెళ్లిపోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అమ్మకి ఇంక నొప్పి లేదక్కా," అంది. ఏడుస్తూనే ఊపిరి పీల్చుకున్నాను. ఆమె బాధ తీరింది. నేను చెప్పాల్సిన మాట కూడా ఆమె ఉండగానే చెప్పుకోగలిగాను. ఆ మాటేమిటో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

కర్నూలు కాలేజీలో చరిత్ర చెప్పి, రిటైరయ్యాక కెనడాలో, మా ఎడ్మంటన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు ఆంటీ. ప్రాచీన రోమ్ చరిత్రకారుడొకాయన అంటే ఆమెకు ప్రాణం. శనివారాలు నా కారులో లైబ్రరీకి వెళ్లేవాళ్లం. సీటు బెల్టు పెట్టుకోకముందే చక్రవర్తుల సంగతులు మొదలయ్యేవి, పక్కింటివాళ్ల గొడవలు చెప్పినట్టు.

"ఆయన రాజుల గురించి రాసినాడు అనుకుంటారమ్మా. ఆయన బాగా చూసింది వాళ్ల చుట్టూ తలలూపేవాళ్లని," అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

అప్పుడు నేను మా తెలుగు సంఘానికి ప్రెసిడెంట్‌ని. గడువు అయిపోతుంటే, రూలు మార్చి ఇంకో రెండేళ్లు ఉండాలనుకున్నాను. సెక్రటరీగా ఉన్న నా స్నేహితురాలు వద్దంది. ఆమెను కమిటీలోంచి తీసేశాను. ఆ శనివారం కారులో గొప్పగా చెప్పాను.

"అందరూ ఓకే అన్నారాంటీ. ఒక్కళ్లు కూడా కాదనలేదు."

"కాదన్న పిల్లను తీసేస్తివి. ఇంకెవరంటారు?"

ఆంటీయే మళ్లీ మెల్లగా అడిగారు. "రోమ్‌లో అయినా, ఇక్కడయినా, పదవిని అంత గట్టిగా పట్టుకునేది భయంతోనే. నీకేం భయం తల్లీ?"

కారు పక్కకు ఆపేశాను. మూడు నెలల ముందే నా జాబ్ పోయింది. ఆ పదవి తప్ప చెప్పుకోవడానికి నాకేమీ మిగల్లేదు.

"ఇది కూడా పోతే నన్నెవరు పిలుస్తారాంటీ?"

"నేను పిలుస్తా. లైబ్రరీకి నన్నెవరు తీసుకుపోతారు మరి?"

మర్నాడు స్నేహితురాలి ఇంటికి వెళ్లి, తప్పు నాదేనన్నాను. ఆమె వెంటనే కరగలేదు. చాలాసేపు గుమ్మంలోనే నిలబెట్టి, చివరికి "బూట్లు విప్పి లోపలికి రా," అంది. నెలాఖరు మీటింగులో నేను తప్పుకున్నాను, ఆమె ప్రెసిడెంట్ అయింది. ఇంటికి డ్రైవ్ చేస్తుంటే, ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చినంత హాయిగా ఉంది.

పోయిన వారం నేనూ నా స్నేహితురాలూ, జబ్బు ముదిరిన ఆంటీని చూడటానికి హాస్పిస్‌కి, చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే చోటికి, వెళ్లాం.

"మీరు ఆ రోజు అడక్కపోతే నేనేమైపోయేదాన్నో ఆంటీ," అన్నాను.

"ఊరికే అడిగినాను, అంతే. ఈ పిల్ల ఇంటికి పోయింది నువ్వే కదా," అన్నారు, గొంతు సరిగా రాకపోయినా.

తర్వాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. దుప్పటి కింద కాళ్లు మెల్లగా ఒక పక్కకు జరుపుకుని, మంచం మీద మాకు చోటిచ్చారు.