చీనీ తోటకు చేరిన సావుకారి కారు

ఐదో తరగతి రెండేళ్లు చదివి, అది నన్ను పైకి పంపేలా లేదని నేనే బడి మానేసినవాణ్ణి. నేను తిప్పితే తిరిగినది ఈ లోకంలో ఒక్కటే, ప్రొద్దుటూరు సావుకారి కారు హ్యాండిలు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆ బట్టల సావుకారి దగ్గర నేను డ్రైవరుని. తెల్లదొరల నాటి నల్ల కారు. సెల్ఫు స్టార్టరు లాగితే చాలు, ఇంజను కూనిరాగం తీసేది. ఒకనాడు సావుకారి అల్లుడు నన్నడక్కుండానే దాన్ని ఊరంతా తిప్పుకొచ్చాడు. ఆ పూట నాకు అన్నం దిగలేదు. మర్నాడు సెల్ఫు వైరు ఊడదీసి, నా ఎర్రంచు తువ్వాలు కొస చించి దానికి చుట్టి, లోపల దోపేశాను. ఇక కారు ముందు ఇనప హ్యాండిలు దోపి ఇంజను తిప్పాల్సిందే. ఆ వాటం నాకొక్కడికే తెలుసు. అల్లుడు తిప్పబోతే హ్యాండిలు ఎదురు తన్ని మణికట్టు వాచింది. కాపడం నేనే పెట్టాను, ఎంతో ప్రేమగా.

"ఏందప్పా దీని రోగం?" అన్నాడు సావుకారి.

"ముసలిదైంది సామీ. నా చేతికి తప్ప పలకదు."

పెళ్లిళ్ల దగ్గర పదిమంది చూస్తుండగా హ్యాండిలు తిప్పించలేక ఆయన కారునే అమ్మేశాడు. వైరు సంగతి చెబితే కారు నిలిచేది, నేను నిలిచేవాణ్ణి కాదు. చెప్పలేదు.

తర్వాత లారీ తోలాను. కానీ లోపల ఒకటే పురుగు: అది ఇంకొకడి చేతికి పలుకుతోందా? నాలుగేళ్లకు ఆగలేక, దాన్ని కొన్న జమ్మలమడుగు పత్తి వ్యాపారి దగ్గరికి పోయాను.

"అది కారా అప్పా? తోసీ తోసీ మా కూలోళ్ల నడుములు పోయినాయి. పులివెందులలో చీనీ తోటాయప్పకు అంటగట్టినా."

ఆ సంతోషంలో రెండు టీలు తాగి బస్సెక్కాను. తొండూరు దాటేదాకా, సీట్లలో కోళ్లు గుడ్లు పెడుతున్న కారునే ఊహించుకున్నాను.

తోటలో బత్తాయి చెట్ల నడుమ అది అద్దంలా మెరుస్తోంది. నా చేతుల్లో ఎప్పుడైనా అంత మెరిసిందా? తోటాయనతో అన్నాను, "ఈ బండి అందరికీ పలకదప్పా. హ్యాండిలు వాటం తెలిసుండాల."

"హ్యాండిలా? ఆడ తోట తలుపుకు అడ్డం పెట్టినా సూడు." ఎక్కి సెల్ఫు లాగాడు. ఒక్క లాగుకే కూనిరాగం. నా ముందే, సిగ్గులేకుండా. "ఎవుడో తిక్కనాయాలు వైరు పీకి గుడ్డ చుట్టినాడు. మా మేస్త్రీ ఒక్క గడియలో కలిపినాడు."

"ఎవడో గాని తెలివైనోడే" అన్నాను.

ఆయన కోసిచ్చిన చీనీకాయ తియ్యగానే ఉండి ఉంటుంది. నాకు మాత్రం పుల్లగా దిగింది. కారు ఎటూ నాది కాదు, కనీసం ఆ హ్యాండిలైనా ఇవ్వమన్నాను. తలుపు నుంచి తీసి నా చేతిలో పెడుతూ, ఆయన నా భుజం వైపు చూశాడు.

"ఆ గుడ్డముక్క గూడా ఉందప్పా, తీసకపో. నీ తువ్వాలు అంచుకు సరిపోతాది."